పదును తగ్గిన విషం

మా అక్క ఒక పరిశోధనశాలలో ఆకులు నూరుతుంది. వాటిని నీడన ఆరబెట్టడం, పొడి కొట్టడం, సారం తీయడం, చివరికి గాజుసామాను కడగడం కూడా ఆమె పనే. చదువు పదో తరగతితో ఆగింది గానీ, ఏ సీసా ఎక్కడుందో పెద్ద చదువులవాళ్ళకూ అక్కే చెప్పాలి. అందుకు నాకు కాస్త గర్వం, మా బావకు ఇంకాస్త ఎక్కువ.

బావ దర్జీ. షుగరు వల్ల పాదాల్లో నరాలు దెబ్బతిన్నాయి. కుట్టుమిషను పెడలు మీద కాలుందో లేదో వంగి చూసుకుంటే తప్ప తెలియదు. అక్క తీసే సారం నరాల కణాలను కాపాడుతుందా అన్నదే అక్కడి పరీక్ష. పళ్ళెంలో పెంచిన కణాలకు ముందు సారం పట్టించి, తర్వాత పెరాక్సైడ్ అనే విషం పోసి, ఎన్ని బతికాయో లెక్కపెడతారు. ఆ లెక్క బావ రోజూ గుమ్మంలోనే అడిగేవాడు. అక్కను చెప్పులైనా విప్పనివ్వు బావా అని నేను కసురుకునేదాన్ని.

ఒకరోజు నూటికి తొంభై బతికాయంది అక్క. బావ ఆనందం పట్టలేక పక్కింటికీ చెప్పొచ్చాడు. కంచం ముందు కూర్చున్నాక అక్కకు ఉన్నట్టుండి ఒక సంగతి గుర్తొచ్చింది. ఆరోజు కలిపిన విషం సీసాను మూత పెట్టకుండా కిటికీ దగ్గర ఎండలో వదిలేసిందట. వెలుతురు తగిలితే దాని పదును పోతుంది. పోల్చి చూడటానికి పెట్టిన సారం లేని కణాలు చచ్చింది మాత్రం ముందురోజు, తాజా విషంతో. మరి ఈ తొంభై బతికింది ఆకు పుణ్యమో, నీరసపడ్డ విషం పుణ్యమో ఎవరు చెప్పగలరు?

బావ ముఖం వెలవెలబోయింది. ఊరుకుంటే ఎవరికి తెలుస్తుందని నేను గొణిగాను. అక్క వినలేదు. మర్నాడు పరిశోధన నడిపే మేడమ్‌కు ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఉద్యోగం ఊడుతుందని సాయంత్రం దాకా నాకు కాలు నిలవలేదు. మేడమ్ సారం ఉన్నదీ లేనిదీ రెండు పళ్ళేలూ ఒకేసారి మళ్ళీ పెట్టించి, విషం అక్క చేతే కలిపించిందట.

వారానికి లెక్క తేలింది. సారం లేనిదాంట్లో నూటికి పది, ఉన్నదాంట్లో నలభై. అక్క ఆ మాట భయపడుతూనే చెప్పింది. ఇది మందు కావడానికి ఏళ్ళు పడుతుందని, అసలు అవుతుందో లేదో తెలియదని కూడా దాచకుండా చెప్పింది.

బావ మిషను ఆపాడు.

"ఈసారి విషం గట్టిదేనా?"

"గట్టిదేనండీ. అప్పటికప్పుడు కలిపాను."

"అయితే ఈ నలభైని నమ్ముతాను," అన్నాడు బావ.