పై స్వరం

గ్రీన్‌వుడ్ వెళ్ళే బస్సు దారిలో పెట్రోల్ బంకు దగ్గర ఆగితే, హ్యాటీ పక్క సీట్లోకి ఒక ముసలామె వచ్చి కూర్చుంది. జూలై ఎండలోనూ మెడకు ఉన్ని మఫ్లరు. ఫ్లాస్కులోని తేనెనీళ్ళు ఒక గుక్క తాగి మూత బిగిస్తుంది, గొంతు తడుముకుంటుంది, మళ్ళీ మూత తీస్తుంది. పెదవి కింది పుట్టుమచ్చ చూసి హ్యాటీ గుర్తుపట్టింది. ఒకప్పుడు మిసిసిపీలో పెళ్ళి జరిగినా, కాపురం చెడినా ఈమె రికార్డే తిరిగేది.

"మిస్ ఓడెస్సా కదూ! మీ పాట వింటూనే మా అమ్మ మా నాన్నని తరిమేసింది, మీ పాట వింటూనే మళ్ళీ రానిచ్చింది."

"ఆ రెండోది నా తప్పు కాదమ్మా," అంది గుసగుసగా. తర్వాత ఆమె ముఖంలో నవ్వు పోయింది. "మధ్యాహ్నం మా అక్కని పూడ్చిపెడుతున్నారు. పాడతానని మాటిచ్చాను. పై స్వరం అందడం లేదు. మన చర్చివాళ్ళు నీకు తెలుసుగా, గొంతు తడబడితే చాలు, 'నిదానం తల్లీ' అని జాలిపడతారు. అక్క శవపెట్టె ముందు ఆ మాట వినలేను."

"ఇక్కడ ఒక్క ముక్క పాడి చూడండి."

ఓడెస్సా మఫ్లరు వదులు చేసి పాట ఎత్తుకుంది. బస్సంతా చెవులు రిక్కించింది. పాట పైకెక్కి, అక్కడే చిట్లింది.

"నిదానం తల్లీ, నిదానం!" అన్నారు వెనక సీట్లోంచి ఎవరో, అలవాటుగా, ఎంతో ప్రేమగా.

హ్యాటీ తలెత్తలేకపోయింది. చర్చి ముందు బస్సు ఆగింది. ఓడెస్సా దిగిపోయింది. తెల్లబట్టల చర్చి ఆడవాళ్ళు నిలబడ్డ గుమ్మం వైపు నడుస్తూ, ఆమె ఆ ముక్కనే శ్రుతి రెండు మెట్లు కిందికి దించి పాడుకోవడం హ్యాటీకి కిటికీలోంచి వినబడింది.