ఓటుకు ఓటు చెల్లు

ఎమెట్ రైనర్ తన డెబ్భై రెండేళ్ల జీవితంలో రెండే రెండుసార్లు ఓటు వేశాడు. మొదటిసారి వేసినప్పుడు ఆరిన్ ఫెల్‌స్టాడ్ స్నేహం దొరికింది. రెండోసారి వేసినప్పుడు అది పోయింది.

ఎమెట్‌ని మట్టిచేసిన రోజు పాదిరిగారు మంచి రైతు, మంచి భర్త అని రెండు ముక్కలు చెప్పి, గాలి మరీ చల్లగా ఉందని తొందరగా ముగించేశారు. నాకు ఒళ్లు మండింది. ముప్పై ఏళ్లు ఈ లియోటా హోటల్లో, నా ఎదురుగా కూర్చుని కాఫీ తాగిన మనిషి. అతని గురించి చెప్పాల్సింది అది కాదు.

మా సౌత్ డకోటాలో నేల బోలెడు, మనుషులే తక్కువ. మా కౌంటీలో అయితే ఆవులకు ఓటిస్తే అవే గెలుస్తాయి. అందుకే వాషింగ్టన్‌లోని దిగువ సభకు మా రాష్ట్రం మొత్తం నుంచి పంపేది ఒక్కరినే. ఎమెట్ వాళ్లది తాతల నాటి నుంచీ గాడిద గుర్తు పార్టీ. వాళ్ల పొలానికి కరెంటు తీగ వేయించింది ఆ పార్టీయేనని వాళ్ల నాన్న చచ్చేదాకా చెప్పుకున్నాడు. సరిహద్దు కంచెకు అవతల ఉండే ఆరిన్‌ది ఏనుగు పార్టీ. ప్రభుత్వం పేరెత్తితే ఆ ఇంట్లో కుక్క కూడా మొరుగుతుందని మేం నవ్వుకునేవాళ్లం.

ఇద్దరికీ మొదటిసారి ఓటు వచ్చిన ఏడాది నవంబరులో మంచుతుపాను పట్టింది. ఊళ్లో ఓటు వేసి తిరిగి వెళుతుంటే ఎమెట్ బండి మంచులో కూరుకుపోయింది. వెనకే వస్తున్న ఆరిన్ బండీ అక్కడే దిగబడింది. అప్పటిదాకా వాళ్లకు ముఖపరిచయమే తప్ప మాటల్లేవు. మంచు తవ్వే బండి వచ్చేదాకా ఒకే బండిలో ముడుచుకుని కూర్చుని, ఎమెట్ తెచ్చుకున్న సాసేజీ చెరిసగం తిన్నారు. ఎవరికి వేశావంటే ఎవరికి వేశావని ఒకరినొకరు అడిగారు.

“అంటే నా ఓటు నీ ఓటుని చంపేసిందన్నమాట. ఇద్దరం ఇళ్లలో ముసుగుతన్ని పడుకున్నా దేశానికి ఒకటేగదరా!” అన్నాడు ఆరిన్.

“పెట్రోలు మిగిలేది. కాలివేళ్లూ మిగిలేవి,” అన్నాడు ఎమెట్.

అక్కడే చేయీ చేయీ కలుపుకున్నారు. ఇకపై నువ్వు వెయ్యకు, నేను వెయ్యను. మా వైపు చేయి కలిపితే కాగితం అక్కర్లేదు. ఆ తర్వాత ఎన్ని ఎన్నికలు వచ్చినా, ఆ రోజు ఊరంతా ఓట్లు వేసే హాలుకు వెళితే వీళ్లిద్దరూ కంచె దగ్గరకు వెళ్లేవారు. కంచె మధ్యన ఎదురెదురుగా నిలబడితే ఎవరి కుడిచేతి వైపు సగం వాళ్లు బాగుచేసుకోవాలన్నది మా దగ్గర పద్ధతి. ఆ ఒక్కరోజు మాత్రం రెండు సగాలూ ఇద్దరూ కలిసి చేసేవారు. సాయంత్రం నా హోటల్‌కు వచ్చేవారు.

“ఏవయ్యా, ఇవాళ ఎన్ని ఓట్లు చంపారు?” అని అక్కడున్నవాళ్లు ఎగతాళి చేసేవారు.

“రెండు. అంత్యక్రియలకి రమ్మంటే నువ్వే రాలేదు,” అనేవాడు ఎమెట్.

ఓటు వెయ్యనివాళ్లంటే నాకు గిట్టదు. ఇద్దరికీ మొహం మీదే చెప్పాను. “మీ ఇద్దరి బుర్రలూ కలిపినా ఒక బుర్ర కాదు” అన్నాను. ఇద్దరూ నవ్వి ఇంకో కప్పు అడిగారు. నిజం చెప్పొద్దూ, ఆ నవ్వు చూస్తే నాకు కాస్త అసూయగా ఉండేది. అన్నేళ్లు నిలిచిన మాట నా జీవితంలో ఒక్కటీ లేదు.

తర్వాత ఎమెట్ భార్య రోసలీకి మూత్రపిండాలు చెడిపోయాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్. దానికి తొంభై మైళ్లు వెళ్లాలి, తొంభై మైళ్లు రావాలి. చలికాలంలో ఆ దారి ఎలా ఉంటుందో మాకు తెలుసు. వెళ్లేటప్పుడు మాట్లాడుతూ వెళ్లే మనిషి, వచ్చేటప్పుడు ఒళ్లో డబ్బా పెట్టుకుని వాంతులు చేసుకుంటూ వచ్చేది.

సరిగ్గా ఆ ఏడాదే, ఇరవై ఏళ్లుగా మా సీటులో కూర్చున్న పెద్దమనిషి ఇక చాలని తప్పుకున్నాడు. ఖాళీ కుర్చీ కనిపిస్తే మనుషులు ఆగుతారా? అప్పటిదాకా మా ఊరు ఎటు ఉందో తెలియనివాళ్లంతా వచ్చి నా పీచ్ పండ్ల కూకెన్ కేకు తిని, నా చేతులు ఊపి వెళ్లారు. చివరికి బరిలో మిగిలింది ఇద్దరు. గాడిద పార్టీ తరఫున మార్లిస్ థీలెన్, ఒకప్పుడు నర్సు. ఏనుగు పార్టీ తరఫున కైల్ ఆమ్‌డాల్, ఆరిన్‌కు సొంత మేనల్లుడు.

మార్లిస్ మా హాలుకు వచ్చినరోజు తిన్నగా రోసలీ పక్కన కూర్చుంది. సూదులు గుచ్చి గుచ్చి ఉబ్బిపోయిన చేతిని తన ఒళ్లోకి తీసుకుంది.

“మీ ఊరి ఆసుపత్రిలోనే ఆ యంత్రం పెట్టిస్తానమ్మా. నేను నిలబడిందే దానికోసం,” అంది.

రోసలీ నమ్మింది. నేను నమ్మలేదు. కానీ అంత దూరం అంత బాధతో తిరిగే మనిషి ఏదో ఒకటి నమ్మకపోతే బతకదు కదా.

అక్టోబరులో ఒకరోజు డయాలసిస్ నుంచి వస్తూ, దారిలో కౌంటీ ఆఫీసు దగ్గర బండి ఆపమంది రోసలీ. ముందుగానే ఓటు వేసి వెళ్లే వీలు అక్కడ ఉంది. ఎప్పుడూ ఆమె లోపలికి వెళితే ఎమెట్ బండిలోనే ఉండేవాడు.

“ఈ ఒక్కసారికి నువ్వూ రా, ఎమెట్,” అంది.

“మాటిచ్చాను కదే,” అన్నాడు.

ఆమె తలుపు తీసుకుని దిగింది. మెట్ల దగ్గర కాళ్లు తేలిపోయి కూలబడబోతే, అతను పరుగెత్తి పట్టుకుని లోపలిదాకా నడిపించాడు. బల్ల వెనకున్న అమ్మాయి వీళ్ల పద్ధతి తెలియనిది. భార్యాభర్తలిద్దరూ వచ్చారనుకుని రెండు బ్యాలట్లు బల్లమీద పెట్టింది. రోసలీ అతని వైపు చూడను కూడా చూడలేదు, తల దించుకుని తన కాగితం నింపుకుంటోంది. అతను కలం తీసుకున్నాడు. మార్లిస్ పేరు పక్కన ఒక్క గుర్తు పెట్టి, మిగతావన్నీ ఖాళీగా వదిలేశాడు.

ఎన్నికల రోజున ఆరిన్ ఎప్పటిలాగే కంచె దగ్గరకు వచ్చాడు. ఇద్దరూ పని మొదలుపెట్టారు.

“కైల్ గాడు ఫోన్ చేశాడురా,” అన్నాడు ఆరిన్. “‘మామయ్యా, నువ్వే వెయ్యకపోతే ఇంకెవరు వేస్తారు’ అన్నాడు. వాడు పెట్టేశాక చెల్లెలు చేసింది. ఏడ్చింది.”

“నువ్వేమన్నావ్?”

“ఏమంటాను? మాటిచ్చానన్నా. ఇక నా గడప తొక్కకని ఫోన్ పెట్టేసింది. దాని కోపం ఎన్నాళ్లులే, క్రిస్మస్‌కి అదే పిలుస్తుంది.”

తర్వాత ఆ సంగతి నాకు చెప్పేటప్పుడు ఎమెట్ తలెత్తలేదు. “నోటిదాకా వచ్చింది లియోటా. వాడు ముళ్లతీగ లాగి పట్టుకునున్నాడు, నేను మేకు కొడుతున్నా. అప్పుడు చెబితే వాడి చేయి జారి మొహం చీరుకుపోద్దనుకున్నా. పనయ్యాక చెబుదామనుకున్నా. పనైపోయింది. చెప్పలా.”

ఆ రాత్రికే ఫలితం తేలిపోయింది. కైల్ ఆమ్‌డాల్ వేలకు వేల ఓట్ల తేడాతో గెలిచాడు. ఎమెట్ ఓటు సముద్రంలో కాకిరెట్ట. అది వేసినా మార్లిస్ గెలవలేదు, వెయ్యకపోయినా ఆమెకు కొత్తగా పోయేదేమీ లేదు.

గెలిచిందో ఓడిందో వదిలేసి నోరుమూసుకుని ఉండొచ్చు కదా అంటే, ఆ మనిషి వల్ల కాలేదు. నెలాఖరుకు ఇద్దరూ ఆరిన్ షెడ్డులో సాసేజీలు చేస్తున్నారు. ఏటా ఒక పందిని ఇద్దరూ కలిసి కోసి, సగం సగం పంచుకుంటారు. అక్కడ చెప్పేశాడు. అక్టోబరు, కౌంటీ ఆఫీసు, రోసలీ కాళ్లు తేలిపోవడం, అంతా.

ఆరిన్ చేతిలోని మాంసం బల్లమీద పెట్టాడు.

“నన్నడగొచ్చు గదరా,” అన్నాడు. “రోసలీ కోసమంటే నేనే నా బండిలో తీసుకెళ్లేవాణ్ణి. నువ్వు లోపలికెళ్లి వేసొస్తే నేను బయట కూర్చునేవాణ్ణి. ఒక్క మాట అడగొచ్చు గదా.”

ఆరిన్ మిగిలిన పని పూర్తిచేశాడు. సాసేజీలు సరిగ్గా సగం చేసి, ఎమెట్ వాటా తనే మోసుకెళ్లి బండిలో పెట్టాడు. ఇంట్లోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు. అదే ఆఖరు, వాళ్లు మళ్లీ మాట్లాడుకోలేదు.

యంత్రం రాలేదు. ఫిబ్రవరిలో రోసలీ పోయింది. మంచు నడుమెత్తున పడింది, శ్మశానం దారి మూసుకుపోయింది. శవం చర్చి నుంచి కదిలే వేళకు దారంతా శుభ్రంగా తవ్వి ఉంది. ట్రాక్టరు మీద ఆరిన్ కనిపించాడు. ప్రార్థన అయ్యేదాకా గేటు బయట టోపీ తీసి నిలబడి, భోజనానికి ఆగకుండా వెళ్లిపోయాడు. ఎమెట్ అతన్ని చూశాడు. అడుగు ముందుకు వెయ్యలేదు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారే, ఆ రోజు భార్యను పూడ్చుకుంటూ ఆ మనిషి పడ్డ అవస్థ అదే.

రెండేళ్లు గడిచాయి. మళ్లీ ఎన్నికలు వచ్చాయి, మళ్లీ కైలే నిలబడ్డాడు. ఆ రోజు మధ్యాహ్నం నా హోటల్ కిటికీలోంచి చూస్తే, ఎదురుగా హాలు ముందు ఆరిన్ బండి ఆగి ఉంది. లోపల ఆరిన్ ఉన్నాడు. గంట తర్వాత చూసినా అలాగే ఉన్నాడు. నేను కాఫీ పట్టుకుని వెళ్లి అద్దం తట్టాను.

“ఇక్కడేం చేస్తున్నావయ్యా?”

“ఓటెయ్యడానికొచ్చా.”

“మరి దిగు. బండిలోకి తెచ్చివ్వరు.”

“కాళ్లు రావట్లేదు లియోటా.”

“ఇంకా ఆ పిచ్చి ఒప్పందమేనా? అది ఎమెట్ ఎప్పుడో తప్పాడు కదా!”

ఆరిన్ కప్పు అందుకున్నాడు. “తప్పింది వాడు. నేను కాదుగా,” అన్నాడు.

హాలు మూసేదాకా అలాగే కూర్చున్నాడు. తర్వాత బండి తిప్పుకుని ఇంటికి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున ఎమెట్ వచ్చాడు. ఎన్నో నెలల తర్వాత మొహంలో కాస్త వెలుగు కనిపించింది. గుడ్లు అడిగాడు, వేయించిన ఆలుగడ్డ కూడా అడిగాడు.

“నిన్న ఆరిన్ బండి ఊళ్లోకి రావడం చూశా లియోటా. ఓటుకే అయ్యుంటుంది. నేను ఇల్లు కదల్లేదు. నేనొకటి దొంగతనంగా వేశా, వాడొకటి వేశాడు. ఇప్పుడు చెల్లుకు చెల్లు. ఇక వెళ్లి తలుపు కొట్టొచ్చు. తిట్టనీ, కొట్టనీ. ఇవాళే వెళ్తా.”

నేను నోరుమూసుకుని ఉంటే వెళ్లేవాడు. అది ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం, నిజం తెలిస్తే ఇంకా తొందరగా వెళతాడనుకున్నాను. ఇంత మంచి కబురు నా దగ్గర ఎందుకు దాచుకోవాలి అనుకున్నాను.

“ఆరిన్ వెయ్యలేదు ఎమెట్. బండిలోనే కూర్చుని వెళ్లిపోయాడు. నీకిచ్చిన మాట తప్పలేకపోయాడు,” అన్నాను.

అతను చేతిలోని ఫోర్కు కింద పెట్టాడు. పళ్లెం పక్కకు జరిపాడు. కళ్ల నుంచి నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు.

“వెళ్లవయ్యా, ఎంత దూరం? వాడికి నీ మీద కోపమే లేదు!” అన్నాను.

“కోపమున్నా వెళ్లేవాణ్ణి,” అన్నాడు. “వాడు ఓటేసుంటే ఇద్దరం ఒకటే అయ్యేవాళ్లం. మాట నిలబెట్టుకున్నవాడి ముందుకి ఇప్పుడు ఏ మొహం పెట్టుకెళ్లను లియోటా?”

వెళ్లలేదు. మార్చిలో గుండె ఆగి పోయేదాకా వెళ్లలేదు.