ఎడమ వైపు నమలమన్న డాక్టరు గారు

డాక్టరు గారు పోయారన్న కబురు అందేసరికి నా నోట్లో ముద్ద ఉంది. ఆఫీసు క్యాంటీన్‌లో భోజనం చేస్తుంటే ఆయన క్లినిక్ నంబరు నుంచి మెసేజ్ వచ్చింది. ఆ నంబరు నుంచి ఎప్పుడొచ్చినా ఒకటే మాట ఉంటుంది, ఆర్నెల్లయింది, వచ్చి పళ్లు చూపించుకోండి అని. నేను చూసీ చూడనట్టు ఊరుకుంటాను, వాళ్లు మళ్లీ పంపిస్తారు. ఈసారి మాత్రం "డాక్టర్ సాబ్ నిన్న పొద్దుగాల పోయిండు. పదకొండో దినం ఇంటికాడ భోజనాలకు రావాలె" అని ఉంది. నిద్రలోనే వెళ్లిపోయారని తర్వాత ఫోను చేస్తే చెప్పారు. నేను దవడ మీద చెయ్యి వేసుకుని అలాగే కూర్చుండిపోయాను. పక్కన తింటున్న అమ్మాయి పన్ను నొప్పా అని అడిగింది. అవునన్నాను.

ఆయన మా పళ్ల డాక్టరు. చందానగర్ మార్కెట్లో, కూరగాయల బళ్ల వెనక మెట్లెక్కితే మొదటి అంతస్తులో క్లినిక్. ఊరందరికీ డాక్టర్ సాబ్. నాకు మాత్రం డాక్టరు గారు, ఎందుకంటే మాది తణుకు వైపు, గారు తగిలించకపోతే నాకు నోరు తిరగదు. ఆయనది మాత్రం ఈ నేలే. ఇప్పుడు అద్దాల మేడలు లేచిన చోట వాళ్లకు చేలు ఉండేవట. నా ఆఫీసు ఎక్కడో కనుక్కున్న రోజున తెగ సంబరపడ్డారు. "గక్కడ మా మక్కచేను ఉండె బిడ్డా. గప్పుడు అడవి పందులు జొరబడేటియి, ఇప్పుడు మీరు జొరబడ్డరు" అన్నారు. నోరు తెరుచుకుని కుర్చీలో పడుకుని ఉన్నాను కాబట్టి సమాధానం చెప్పే వీలు లేకపోయింది. ఆ సంగతి ఆయనకు బాగా తెలుసు. చెప్పాల్సినవన్నీ మన నోట్లో చెయ్యి ఉన్నప్పుడే చెప్పేవారు. ప్రశ్న మాత్రం ఒక్కటి కూడా అడిగేవారు కాదు. నోరు తెరిచినోళ్లను ముచ్చట అడుగుడు పాపం అనేవారు.

నేను ఆయన దగ్గరికి ఎలా చేరానో చెప్పాలంటే ముందు జర్మనీ సంగతి చెప్పాలి. పరువు తక్కువ కథ, అయినా చెప్తాను. ఆయనే వంద మందికి చెప్పి నవ్వించారు, ఇంక నేను దాచేదేముంది.

ఆరేళ్ల కిందట ఆఫీసు పని మీద ఆర్నెల్లు అక్కడ ఉన్నాను. నేను సాఫ్ట్‌వేర్‌లో టెస్టింగ్ చేస్తాను, అంటే ఇతరులు చేసిన పనిలో తప్పులు పట్టడం నా ఉద్యోగం. వెళ్లిన రెండో నెలలో కింది దవడలో ఎడమ వైపు పన్ను సలపడం మొదలుపెట్టింది. లవంగం పెట్టాను, ఉప్పునీళ్లు పుక్కిలించాను, మూడు రోజులు బిస్కెట్లు పాలల్లో ముంచుకుని తిన్నాను. ఇంక లాభం లేక పళ్ల డాక్టరు దగ్గరికి పరుగెత్తాను. పెద్దావిడ, తెల్ల జుట్టు, మా పెద్దమ్మంత వయసు. పన్ను లోపలి నరం తీసేయాలంది. మత్తు ఇంజెక్షను ఇచ్చి, కాసేపాగి, మొద్దుబారిందా అని ఇంగ్లీషులో అడిగింది. మొద్దుబారిందన్నాను. నిజానికి పెదవి మాత్రమే మొద్దుబారింది. కానీ మా వృత్తిలో పైవాళ్లు ఎలా ఉందని అడిగితే బాగుందనే చెప్తాం. సగం పని కూలిపోతున్నా రిపోర్టులో ఆకుపచ్చ రంగే వేస్తాం. ఆ అలవాటు నోటికి పట్టేసింది.

మొదలుపెట్టే ముందు ఆవిడ ఇంకో మాట చెప్పింది. నొప్పి అనిపిస్తే ఎడమ చెయ్యి పైకెత్తు, ఆపేస్తాను అంది. తలూపాను. ఆ తర్వాత ముప్పావుగంట నరకం చూశాను. మిషను పంటి లోపలికి వెళ్లిన ప్రతిసారీ మాడు దాకా మెరుపు కొట్టినట్టయింది. కళ్ల వెంట నీళ్లు కారి చెవుల్లోకి పోతున్నాయి. అయినా చెయ్యి ఎత్తలేదు. ఎందుకంటే అది ఎడమ చెయ్యి. ఎడమ చేత్తో ఇవ్వకూడదు, పుచ్చుకోకూడదు, పెద్దవాళ్ల మొహం మీదికి చూపించకూడదు. చిన్నప్పుడు ఎడమ చేత్తో ప్రసాదం పట్టినందుకు మా నాయనమ్మ దగ్గర తిన్న దెబ్బ ఇప్పటికీ గుర్తే. కుడి చెయ్యి ఎత్తుదామంటే ఆవిడ ఆ పక్కనే కూర్చుంది, ఎత్తితే ఆవిడ మోచేతికి తగులుతుంది. అంచేత నా ఎడమ చేతిని తొడ కింద పెట్టుకుని దాని మీద కూర్చున్నాను. ఆవిడ తప్పేమీ లేదు పాపం. అయిపోయాక నా భుజం తట్టి, ఇంత ధైర్యస్తురాలిని చూడలేదని మెచ్చుకుంది.

రెండో విడతకు రమ్మంటే నేను వెళ్లలేదు. తాత్కాలికంగా పెట్టిన సిమెంటుతోనే నెట్టుకొచ్చి, ఆ వైపు నమలడం మానేసి, ఇంటికొచ్చిపడ్డాను. ఇక్కడికొచ్చాకా వెళ్లలేదు. పళ్ల డాక్టరు బోర్డు కనిపిస్తే రోడ్డు దాటి అవతలి వైపు నడిచేదాన్ని. చివరికి ఒక ఆదివారం పొద్దున లేచేసరికి బుగ్గ బూరెలా పొంగింది, కన్ను సగం మూసుకుపోయింది, ఒళ్లు కాలిపోతోంది. మా ఆయన ఇంక నా మాట వినకుండా ఆటో ఎక్కించి డాక్టరు గారి మెట్ల దగ్గర దింపారు.

ఆ మెట్ల మీదే మొదటిసారి చూశాను ఆయన్ని. డెబ్బై ఏళ్ల మనిషి, తెల్ల కోటు వేసుకుని, కింది నుంచి మూడో మెట్టు మీద కూర్చుని కాల్చిన మక్కజొన్న కంకి కొరుక్కు తింటున్నారు. అన్నీ సొంత పళ్లే. అది ఆయన రోజూ చేసే పనే, మార్కెట్టంతా చూసేలా తినేవారు. నన్ను చూసి కంకి పక్కన పెట్టి లేచారు. ఆ రోజు నా పంటిని ముట్టుకోలేదు. చూసి, మందులు రాసి, వాపు తగ్గాక పన్ను సంగతి చూద్దాం అన్నారు. పీకేస్తారా అని మా ఆయన అడిగితే, పీకుడు పది నిమిషాల పని, కాపాడుడే పని అన్నారు. ఇంకా ఆలస్యం చేస్తే దవడ ఎముకకు పాకుతుందని, అప్పుడు తన వల్ల కాదని కూడా చెప్పారు.

వాపు తగ్గి వెళ్లిన రోజున కుర్చీ ఎక్కలేకపోయాను. పక్కన నిలబడి ఏడ్చాను. నలభై ఏళ్ల దాన్ని, ఒక కూతురి తల్లిని, బయట బెంచీ మీద ఇంకా నలుగురు కూర్చుని ఉన్నారు. ఆయన తొందర పెట్టకుండా ఏమైందని అడిగారు. జర్మనీ కథంతా చెప్పాను. అంత శ్రద్ధగా విన్న మనిషి, ఎడమ చెయ్యి దగ్గరికి వచ్చేసరికి పగలబడి నవ్వారు. నవ్వి నవ్వి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. నాకు ఒళ్లు మండింది. ఆ తర్వాత నాకూ నవ్వొచ్చింది, నవ్వితే పన్ను కలుక్కుమంది.

"బిడ్డా, పొద్దంత మంది నోట్ల చెయ్యి పెట్టేటోణ్ణి నేను. నాకేం మర్యాద?" అన్నారు. "ఏ చెయ్యన్న లేపు. కాలన్న లేపు. నొప్పి నీది, మిషన్ నాది. నువ్వు చెప్తెనే కద నాకు ఎరుకయ్యేది."

అప్పుడు ఆయన చేసిన పని నేను ఏ డాక్టరు దగ్గరా చూడలేదు. ముందు ఆపుడు నేర్చుకుందాం అన్నారు. నేను నోరు మూసుకునే కూర్చోవాలి, ఆయన గాలిలో మిషను తిప్పుతారు, నేను చెయ్యి ఎత్తితే ఆపుతారు. అంతే. ఎత్తాను, ఆగింది. మళ్లీ తిప్పారు, మళ్లీ ఎత్తాను, ఆగింది. వెంటనే ఎత్తాను, ఆలస్యంగా ఎత్తాను, సగం ఎత్తి దించాను. నాలోని టెస్టరు నిద్ర లేచింది. ఆయన పక్కకు చూస్తున్నప్పుడు కూడా ఎత్తి చూశాను. ఒక్కసారి కూడా తప్పలేదు. బయట బెంచీ మీద ఎవరో విసుక్కుంటుంటే, ఇక్కడ బ్రేకులు చూస్తున్నం, జర ఆగుండ్రి అని కేకేశారు.

తర్వాత నిజంగా పని మొదలుపెట్టినప్పుడు ఒకచోట చురుక్కుమంది. నా ఎడమ చెయ్యి ఒళ్లోంచి లేచిందో లేదో, మిషను ఆగిపోయింది. నేను ఏడ్చాను. నొప్పికి కాదు. చెప్పగానే ఒకరు ఆగారు, దానికి ఏడుపొచ్చింది. ఆయన కిటికీలోంచి టమాటాల బేరం వింటూ నిలబడ్డారు. నేను తలూపాకే మళ్లీ మొదలుపెట్టారు. నాలుగు విడతల్లో పన్ను నిలబెట్టి, పైన తొడుగు వేసి, అద్దంలో చూపించారు. రేపటి నుంచి ఈ దిక్కే నములు, నీ పన్ను నీకిచ్చేసిన అన్నారు.

అక్కడే నేను చెడ్డదాన్నయ్యాను. నమలలేదు. అన్నం ఆ వైపు పోతే చాలు, నాలుక దానంతటదే కుడి వైపుకి తోసేసేది. నొప్పి లేదని తెలుసు, ఉండదని తెలుసు, అయినా వల్ల కాలేదు. ఐదేళ్ల పాటు, చూపించుకోవడానికి వెళ్లిన ప్రతిసారీ ఆయన ఎడమ దిక్కు నములుతున్నవా అని అడిగేవారు. నములుతున్నానండీ అనేదాన్ని. సరే అనేవారు. మళ్లీ ఆకుపచ్చ రంగే.

ఈ ఏడాది వానాకాలంలో వెళ్లినప్పుడు, పళ్లు శుభ్రం చేస్తూ ఎడమ వైపు చాలాసేపు గీకారు. అయిపోయాక నన్ను కూర్చోబెట్టి, ఎప్పుడూ లేనిది, మెల్లగా మాట్లాడారు.

"నమలని దిక్కు గార ఎక్కువ పడ్తది బిడ్డా. ఐదేండ్ల సంది నువ్వు అబద్ధమాడుతున్నవని నీ పండ్లే నాకు చెప్తున్నయ్."

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. మరి ఇన్నాళ్లూ ఎందుకు నిలదీయలేదండీ అన్నాను. నిలదీస్తె నువ్వు వచ్చుడు బంద్ జేద్దువు అన్నారు. నిజమే, మానేసేదాన్ని.

"ఫికర్ చెయ్యకు. పన్ను నేను బాగు జేసిన. భయం నా చేతుల లేదు, అది నీదే. నీకు దిల్ అయిన్నాడు నములు. కాని నములు, నేను గట్టిగ జేసిన దాన్ని."

వచ్చేసారి వచ్చేసరికి నమిలి చూపిస్తానని మాటిచ్చాను. ఆయన చెయ్యి చాపారు, నేను ఎడమ చేత్తోనే కలిపాను, ఇద్దరం నవ్వుకున్నాం. వచ్చేసారి లేకుండా పోయింది. కబురొచ్చిన దగ్గర్నుంచీ నన్ను తినేసింది ఇదొక్కటే. పెద్దాయన చేసిన పనిని నేను ఒక్కసారి కూడా వాడి చూడలేదు. ఆయన చేతిపని బాగుందో లేదో ఆయనకు నా నోటితో చెప్పలేదు.

పదకొండో రోజున వెళ్లాను. చందానగర్ పాత ఊళ్లో ఇల్లు, సందు పొడుగునా టెంటు వేశారు. ఇక్కడివాళ్ల పద్ధతి ప్రకారం ఆ రోజు మాంసం వండుతారు. మా వైపు చావు భోజనమంటే బిక్కుబిక్కుమంటూ తిని వచ్చేస్తాం. అక్కడ అలా లేదు. కూరగాయల వాళ్లు, ఆటోల వాళ్లు, మెడలో ఆఫీసు కార్డులు వేలాడేసుకుని మధ్యలో వచ్చినవాళ్లు, అందరూ వరసల్లో కూర్చుని డాక్టర్ సాబ్ తమకు ఏ పన్ను ఎలా నిలబెట్టాడో చెప్పుకుంటున్నారు. ఒకాయన ఏకంగా నోరు తెరిచి వేలు పెట్టి ఎదురు వరసకు చూపిస్తున్నాడు. ఎదుటాయన తనది తెరిచాడు. ఇద్దరూ నవ్వుకుంటున్నారు. ఏడుపు ముఖంతో వెళ్లిన నేను నవ్వు ఆపుకోలేకపోయాను.

డాక్టరు గారి భార్య తానే గిన్నె పట్టుకుని వడ్డిస్తోంది. అంతకుముందు ఎప్పుడూ ఆవిడను చూడలేదు. నా దగ్గరికొచ్చి, ఎవరని అడిగితే చెప్పాను. ఆవిడ గరిటె గిన్నెలో పెట్టి నా మొహంలోకి చూసింది.

"చెయ్యి మీద కూసున్న పిల్లవు నువ్వేనా? నీ ముచ్చట జెప్పి ఎన్నిసార్లు నవ్వెనో. పోయిన నెల గూడ తలిచిండు, ఇంకా నములుత లేదు ఆ పిల్ల అని."

ఆవిడ గిన్నెలో వెతికి, మెత్తటి ఎముక అంటుకున్న ముక్క ఒకటి తీసి నా విస్తట్లో వేసింది. వేసి అక్కడే నిలబడింది. వెనక వరసలో కూర కూర అని పిలుస్తున్నారు, కదల్లేదు.

ముక్క నోట్లో పెట్టుకున్నాను. నాలుక దాన్ని కుడి వైపుకి తోసింది. మళ్లీ ఇవతలికి తెచ్చుకుని, కళ్లు మూసుకుని, ఎడమ వైపు పళ్ల మధ్య పెట్టి కొరికాను. కరకరమని ఎముక నలిగిన చప్పుడు ఎడమ చెవిలో వినిపించింది. ఇంకోసారి కొరికాను. కారం, మసాలా రసం అన్నీ ఆ పక్కన ఊరుతున్నాయి. కళ్ల వెంట నీళ్లు కారుతూనే ఉన్నాయి, నేను నములుతూనే ఉన్నాను.

"నొస్తుందా బిడ్డా?" అంది ఆవిడ.

"లేదమ్మా, గట్టిగా చేశారు" అన్నాను.

ఆవిడ కొంగుతో కళ్లు ఒత్తుకుని, నవ్వి, ఇంకో ముక్క వేసి వెనక వరసకు వెళ్లింది.