విహారం గోడకు సిమెంటు వద్దన్నాను

2018లో వానాకాలం వెళ్ళాక, ద్వారకా తిరుమల దాటి లోపలికి వెళ్ళే దారిలో ఉన్న ఒక కొండ మీద పనికి చేరాను. నేను తాడేపల్లిగూడెంలో సివిల్ ఇంజనీరింగ్ చదివాను. అప్పటిదాకా అపార్టుమెంట్లు, కాలవల మీద వంతెనలు కట్టించాను. ఈసారి మా కాంట్రాక్టరు అప్పగించింది పాతకాలపు బౌద్ధ విహారం శిథిలాలు. ఒకప్పుడు భిక్షువులు ఉన్న ఇటుక గదులు వరసగా ఉంటాయి. చాలావాటికి నడుమెత్తు గోడలే మిగిలాయి. ఆ ఏటి వానలకు చివరి గది గోడ ఒకటి జారిపోయింది. దాన్ని మళ్ళీ నిలబెట్టాలి.

ఈ పనిని కన్సర్వేషన్ అంటారు. కొత్తగా కట్టడం కాదు, ఉన్నదాన్ని ఉన్నట్టు కాపాడటం. జారిన ఇటుకలకు నంబర్లు వేసి, తీసి, దేని చోట దాన్ని పెట్టాలి. మధ్యలో వేసేది లైమ్ మోర్టార్, అంటే గానుగ సున్నం, ఇసుక, ఇటుకపొడి కలిపిన గార. అది నెమ్మదిగా గట్టిపడుతుంది. తొందరపెడితే పగుళ్ళు వస్తాయి.

ఏలూరు నుంచి సత్యం అనే తాపీ మేస్త్రి, ఆయన భార్య లక్ష్మి వచ్చి నాతో పనిచేసేవారు. గోడ సగం లేచేసరికి ఈ పని చేయిస్తున్న పురావస్తు శాఖ ఆఫీసు నుంచి ఇంజనీరు గారు వచ్చారు. కొండ చూడటానికి పెద్దవాళ్ళెవరో వస్తున్నారట.

"వచ్చేవారానికి గోడ పూర్తయిపోవాలమ్మా. సిమెంటు పంపిస్తాను, కట్టించేయండి," అన్నారు.

"సిమెంటు వద్దండి."

"పైన ఎర్రరంగు కొడితే ఎవరికి తెలుస్తుంది?"

ఆయన్ని పక్క గది దగ్గరకు తీసుకెళ్ళాను. ఎప్పుడో ఎవరో ఆ గోడకు సిమెంటుతో పాయింటింగ్ చేశారు. ఇటుకల మధ్య సందులు నింపడాన్నే పాయింటింగ్ అంటారు. సిమెంటు గీతలు చెక్కుచెదరలేదు. వాటి మధ్య ఇటుకలు మాత్రం లోపలికి అరిగిపోయాయి. వేలితో రాస్తే ఎర్రటి పొడి రాలింది.

"గోడలో ఉన్న తడి సిమెంటులోంచి బయటికి పోదండి. ఇటుకలోంచే పోతుంది. పోతూ పోతూ అక్కడ ఉప్పు వదులుతుంది. ఆ ఉప్పే ఇటుకను తినేస్తుంది," అన్నాను.

"నాకు తెలియక కాదమ్మా. పైవాళ్ళకు జవాబు చెప్పాల్సింది నేను. ఈ ఒక్క గోడకీ కానివ్వండి."

"ఈ గోడ కోసమే కదండీ నన్ను పెట్టారు," అన్నాను. ఆయన జీపెక్కారు.

మర్నాడు సిమెంటు ట్రాక్టరు వచ్చింది. సత్యం మేస్త్రి నా వైపు చూశాడు.

"కాదంటే మళ్ళీ నన్ను పనికి పిలవరండి, మేడమ్ గారూ."

"అడిగితే నేనే ఆపానని చెప్పండి. మీ మీదకు రానివ్వను."

ఆయన ఇంకా తటపటాయిస్తుంటే లక్ష్మి అందుకుంది. "ఇది మన చేత్తో పాడుచేసి, రేపు మళ్ళీ ఈ కొండెక్కి దీని మొహం చూడగలమా ఏంటండీ?"

సత్యం తాపీ తీసుకుని సున్నం దగ్గరకే వెళ్ళాడు. కొండ కింద టికెట్ల గది మెట్లు బాగుచేయడం కూడా మా కాంట్రాక్టులోనే ఉంది. సిమెంటు బస్తాలన్నీ అక్కడ దింపించి, ఆ మెట్లు కట్టించాను.

పెద్దవాళ్ళు వచ్చిన రోజున గోడ సగంలోనే ఉంది. పైన తడి గోనెపట్టాలు కప్పి ఉన్నాయి. వచ్చినవాళ్ళలో ఒకాయన, "ఇదేంటి, ఇలా వదిలేశారు?" అని అడిగారు. ఇంజనీరు గారు నా వైపు చూశారు.

"వదిలేయలేదండి. సున్నం గట్టిపడాలి. ఆగమన్నది నేనేనండి," అన్నాను. అడిగినాయన సరేనని తలూపి, ఫొటోల కోసం అవతలి గదుల వైపు వెళ్ళిపోయారు. అంతే. దానికోసమా ఇంత హడావుడి అనిపించి నాకు ఒళ్ళు మండింది.

వారం తిరక్కుండానే నన్ను ఆ పని నుంచి తీసేశారు. విచిత్రమేమిటంటే, పెద్దవాళ్ళు వచ్చి వెళ్ళాక ఎవరికీ తొందర లేకపోయింది. సత్యం, లక్ష్మి ఆ గోడను సున్నంతోనే పూర్తిచేశారు. మరుసటి వానాకాలంలో సొంత ఖర్చులతో వెళ్ళి చూసొచ్చాను. గోడ కదల్లేదు.

పని పోకుండా మాట నిలబెట్టుకోవచ్చని నేను చెప్పను. నాకు పోయింది. కానీ తప్పని తెలిసిన పని చేయమన్నప్పుడు, పెద్ద గొంతు అక్కర్లేదనీ, చేయకుండా నిలబడితే చాలనీ ఆ కొండ మీద నేర్చుకున్నాను.

తర్వాత కొల్లేరు పక్కన ఒక కల్వర్టు పనికి వెళ్తే, అక్కడి కాంట్రాక్టరు ముందే అడిగారు.

"అక్కడ సిమెంటు వేయమంటే వేయలేదంటగా మీరు?"

"వేయలేదండి."

"మరి ఇక్కడో?"

"ఇది కల్వర్టు కదండీ, సిమెంటే వేస్తాను. ఆ గోడకు వేయమని ఇప్పుడడిగినా వద్దనే అంటానండి."

ఆయన రేపు పొద్దున్నే పనికి రమ్మన్నారు.