ప్లాట్ల మధ్య మా అరెకరం

అందరూ బాగున్నారా? మోకాళ్ళ నొప్పుల వాళ్ళు మెట్లెక్కగలుగుతున్నారా? షుగరు ఉన్నవాళ్ళు వేళకు తింటున్నారా? పిల్లలకు ఎండదెబ్బ తగలలేదు కదా? నాకు బీపీ ఉంది, అది ఎప్పుడూ ఉండేదే. పోయిన వారం ఇంకాస్త పెరిగింది. విస్సన్నపేట దగ్గర మా అరెకరం మామిడి తోట పక్కన ప్లాట్లు వేస్తున్నారని, మా గట్టు వరుస చెట్లు కూడా కోసేశారని కబురొచ్చింది. ఆ గట్టు మీదుగానే మాకు రోడ్డుకి దారి. అది పోతే రెండు గదుల ఇల్లు కట్టుకుందామన్న నా ఆశ కూడా పోయినట్టే.

హనుమాన్ జంక్షన్‌లో ఉదయం ఆరున్నరకు బస్సెక్కి, నూజివీడులో మారాను. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్ళకు టికెట్టు ఉచితం. కార్డు పోతుందేమోనని దారంతా చేతిలోనే పట్టుకుని కూర్చున్నాను. తొమ్మిదింటికి విస్సన్నపేటలో దిగి, రానూ పోనూ నూట యాభైకి ఆటో మాట్లాడుకున్నాను.

"ఏంటి మామ్మగారూ, ప్లాటు కొంటానికా, అమ్మటానికా?" అన్నాడు ఆటో నడిపే రాజు.

"ఉన్నది ఉందో లేదో చూసుకోటానికయ్యా. నువ్వు మెల్లగా పోనీ."

"ఇంతకంటే మెల్లగా పోతే మనం చేరేసరికి ఇంకో నాలుగిళ్ళు లేస్తాయండీ!"

అతను అన్నది నిజమే. ఒకప్పుడు పిల్లనివ్వడానికి బయటివాళ్ళు జంకిన మెట్ట ఊరది. ఇప్పుడు తారు రోడ్డు, కరెంటు స్తంభాలు, బడి వ్యాను, రెండు టిఫిన్ హోటళ్ళు వచ్చాయి. అప్పట్లో ఎకరానికి పలికిన ధర ఇప్పుడు సెంటుకు పలుకుతోంది. ఇది మా ఊరని రాజుకు నాలుగుసార్లు చెప్పాను.

తోట దగ్గర దిగి నేరుగా గట్టు మీదికి నడిచాను. గట్టు వరుసలో ఏడు చెట్లూ మోకాలి ఎత్తున కోసేసి ఉన్నాయి. వాటికి ఇవతల, మా వైపున, తెల్ల రంగు వేసిన హద్దు రాళ్ళు పాతారు. పక్క తోట ఆసామి, ఆ ప్లాట్లు వేస్తున్న కోటేశ్వరరావు గారు అక్కడే నిలబడి రాళ్ళు లెక్కపెడుతున్నారు.

"ఆ వరుస మాదే కదా అక్కయ్యా! మా నాన్న నాటినవే," అన్నారు.

నాకు దస్తావేజు చదవడం రాదు, కానీ చెట్టు సంగతి తెలుసు. "మీ నాన్న నాటినవి బంగినపల్లి అంట్లు. అంటు కట్టిన చోట ముడి ఉంటది. మా మామగారు గట్టు మీద రసాల టెంకలు పెట్టి మొలిపించారు, వాటికి ముడి ఉండదు. రా, చూద్దువుగాని," అన్నాను.

మొదళ్ళ మీద పడిన మట్టిని రాజు ఆటోలోని ఇనుప రాడ్డుతో గీకాడు. ఏడింటికీ ముడి లేదు, బెరడు నున్నగా ఉంది. అవతల ఆయన తోట వరుస మొదళ్ళకు జానెడు ఎత్తున బుడిపెలు స్పష్టంగా కనిపించాయి. కోటేశ్వరరావు గారు వంగి తడిమి చూసి, అక్కడే చతికిలబడ్డారు.

"మూడు ప్లాట్లు ఎగిరిపోయినయ్ కదక్కయ్యా! నువ్వు ఇంకో నెల ఆగి రాలేకపోయావా?"

"నెల ఆగితే నా గుండె ఆగేది తమ్ముడూ."

ఆయన నవ్వేశారు. అక్కడే పనివాళ్ళను పిలిచి రాళ్ళు పీకించారు. సర్వేయరు ఖర్చు కూడా తనదేనన్నారు.

తిరుగు బస్సులో నా భయం నన్ను పూర్తిగా వదల్లేదు. ధరలు పెరిగినకొద్దీ గట్లు సన్నబడుతున్నాయి. అయినా మా ఊళ్ళో ఇళ్ళు లేస్తుంటే, వాటి మధ్య మా అరెకరం నిలబడిందంటే ఛాతీ పొంగుతోంది. తోటల పక్కన స్థలం ఉన్నవారికి ఒక మాట: పక్కవాళ్ళు చెట్లు కోస్తున్నారని తెలిస్తే, మొదళ్ళు పెకిలించకముందే వెళ్ళి చూసుకోండి. కాగితాలతో పాటు తోట ఎరిగిన ముసలివాళ్ళను కూడా తీసుకెళ్ళండి.

కొలతల కోసం సర్వేయరు గారు వచ్చే నెల పదో తేదీ ఉదయం తొమ్మిదింటికి వస్తానన్నారు. నేను ఎనిమిదికే అక్కడ ఉంటాను.