నేను తుక్కు చేసిన నలభై వ్యాగన్లు

కంప్యూటరు గదిలోకి చెప్పులు విప్పి వెళ్ళే రోజులవి. డెబ్భైల మొదట్లో ఖరగ్‌పూర్‌లో నేను పనిచేసిన రైల్వే ఆఫీసులో, ఏ ప్రోగ్రామును పరీక్షించాలన్నా ముందు పెట్టెలకొద్దీ చిల్లుల కార్డులను యంత్రానికి తినిపించి, నమూనా వ్యాగన్ల జాబితాను లోపలికి ఎక్కించాలి. అందుకు ముప్పావు గంట. అసలు పరీక్ష రెండు నిమిషాలు. తర్వాతి మనిషి మళ్ళీ మొదటినుంచి ఎక్కించుకోవాలి. పొద్దున ఒక్కసారి ఎక్కించి, దానిమీదే అందరం పరీక్షలు నడుపుకుందామని చెప్పింది నేను. జాబితాను మార్చినవాళ్ళు మాత్రం తిరిగి ఎక్కించాకే లేవాలని నియమం పెట్టిందీ నేనే. పై అధికారులు వచ్చిన రోజున మా సాహెబు అది తన ఆలోచనని చెప్పుకున్నాడు. (నేను పక్కనే నిలబడి ఉన్నాను. నా వైపు చూడనైనా లేదు.)

ఆ మంటలోనే నా ప్రోగ్రాము నడిపాను. పాత వ్యాగన్లను తుక్కు కింద జాబితాలోంచి కొట్టెయ్యడం దాని పని. నలభై కొట్టేసింది. ఇక తిరిగి ఎక్కించాలి. ఆలోచన సాహెబుదే కదా, సాహెబే ఎక్కించుకుంటాడులే అనుకుని, సైకిలేసుకుని ఇందా బజారుకు పోయి సింగాడాలు (అక్కడి సమోసాలు) తిన్నాను.

నా తర్వాత వంతు అక్కది. (ఆఫీసులో అందరికీ అక్కే. తాల్‌బగీచాలో ఇల్లు, తండ్రి వర్క్‌షాపులో ఫిట్టరు.) ఉన్న వ్యాగన్లను లెక్కపెట్టే ప్రోగ్రాము ఆమెది. అది నెగ్గితేనే ఉద్యోగం ఖాయం. నలభై తక్కువొచ్చాయి. యంత్రం దగ్గర ఆమె వంతు మళ్ళీ వారానికి. "ఔర్ ఏక్ మౌకా, బస్," అని ఇంకొక్క అవకాశమే ఇచ్చాడు సాహెబు.

తిరిగొచ్చి ఆ అంకె చూడగానే నాకు అర్థమైంది. అయినా పోయి నా కుర్చీలో కూర్చున్నాను. మూడు రోజులు అక్క లేని తప్పు వెతుక్కుంది. "తమ్ముడూ, నా కళ్ళకి అవుపడ్డం లేదు, నువ్వోపాలి సూడవా?" అని కాగితాలు నా చేతికే ఇచ్చింది. (సిగ్గు విడిచి చెబుతున్నాను, వేలు పెట్టి వరసలు చూసినట్టు నటించాను.) నాలుగో రోజు మొహం వెలిగించుకుని వచ్చింది. "ఎలాగోలా నలభై కలిపేసినాను. ఇక సరిపోతాది."

సరైన ప్రోగ్రామును చెడగొట్టుకుంది! తాజా జాబితా మీద నడిపితే నలభై ఎక్కువొస్తాయి, ఉద్యోగం పోతుంది.

"అక్కా, కలపకు. తప్పు నీది కాదు. సాహెబు మీద అలిగి, జాబితా తిరిగి ఎక్కించకుండా నేనే పోయినాను."

"మూడు రోజులూ నా పక్కనే కూసున్నావు కదరా!" అంది. "నాకు అన్నం సయించట్లేదని మా యమ్మ దిష్టి కూడా తీసింది. నడు, సాహెబుకి సెప్పు."

చెప్పాను. సాహెబు అందరిముందూ నన్ను గాడిదన్నాడు. వంతు వచ్చిన రోజున అక్క నలభై కలపని పాత కార్డులే తాజా జాబితా మీద నడిపితే లెక్క సరిగ్గా వచ్చింది, ఉద్యోగం ఖాయమైంది. ఆ సాయంత్రం సందేశ్ మిఠాయి పంచుతూ ముందు నా దగ్గరికే వచ్చింది. "తీసుకో. నువ్వు అలిగితే ఏటి తుక్కు సేస్తావో!"

నాకు జరిగిన అవమానాలన్నీ వారంతో సహా చెప్పగలను (గాడిద మాట మంగళవారం). అక్క మాత్రం ఆ మూడు రోజుల సంగతి మళ్ళీ ఎన్నడూ ఎత్తలేదు. ఒక్కసారి ఎత్తి ఉంటే, ఎదురు వాదించి, ఎప్పుడో మరిచిపోయేవాణ్ణి.