మూఢంలో నిలబెట్టిన ద్వారబంధం

నాకు కాలు ఒకచోట నిలవదని మా ఆయన ఇప్పటికీ ఎగతాళి చేస్తాడు. ఆళ్ళగడ్డలో ఇల్లు కట్టిన ఏడాది పట్టుకున్న అలవాటు అది. ఎనభైల మొదట్లో సర్కారు ఊరి బయట పేదలకు ఇళ్ళ స్థలాలు ఇచ్చింది. మా పట్టా నా పేరు మీద వచ్చింది. అప్పటికి మేము ఒకరి పశువుల కొట్టంలో తడిక అడ్డం పెట్టుకుని కాపురం చేస్తున్నాం. వానలు మొదలయ్యేలోపు ఖాళీ చేయమని కొట్టం ఆసామి చెప్పేశాడు. మా ఆయన నంద్యాలలో పత్తి మిల్లులో పనిచేస్తూ ఆదివారాలు మాత్రమే వచ్చేవాడు. దాంతో ఇంటి పని నా నెత్తిన పడింది. నాకా ఇల్లు కావాలి. అంతగా నేను దేన్నీ కోరుకోలేదు.

సర్కారు డబ్బు ఒకేసారి ఇవ్వదు. పునాదికి ఒక బిల్లు, గోడలకు ఒకటి, నాపరాళ్ళ కప్పు పడ్డాక చివరిది. పునాది బిల్లు అందింది. పక్కగోడలు మోకాళ్ళెత్తు లేచాయి. ఇక ద్వారబంధం నిలబెడితే తప్ప పని సాగదనగా మూఢం వచ్చి పడింది.

మా మామకు పంచాంగం చూడటం వచ్చు. భార్య పోయాక సేద్యం మానుకుని మా దగ్గరే ఉండేవాడు. మా వీధిలో ఎవరికి మంచిరోజు కావాలన్నా ఆయన్నే అడిగేవాళ్ళు. మూఢం పోయేదాకా వాకిలి ఎత్తకూడదని ఆయన అన్నాడు. ఆ మాట మీద మా స్థలానికి ఎదురుగా ఉన్న మూడు ఇళ్ళవాళ్ళూ పని ఆపేశారు. మా వెనక వరుసలోని క్రైస్తవులు మాత్రం ప్రార్థన చేయించుకుని ఎప్పుడో ద్వారబంధాలు పెట్టుకున్నారు. వాళ్ళ గోడలు రోజురోజుకూ లేస్తుంటే చూసి నాకు ఒళ్ళు మండిపోయేది.

మార్చి సగంలో పనులు చూసే ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ఖాళీగా పడి ఉన్న మా ద్వారబంధం మీదే కూర్చుని నీళ్ళు తాగాడు.

"ఈ నెల దాటితే మిగిలిన సొమ్ము యెనక్కి పోతాదమ్మా. మళ్ళా యెప్పుడొచ్చాదో నాకూ దెల్దు. గోడలు లేపి, వాకిలి పెడితేనే కొలత రాసుకుంటా" అన్నాడు.

మామకు శుక్రుడు కనబడకపోతే మూఢం. సర్కారుకు మార్చి దాటితే మూఢం. ఆ రెండింటి మధ్య నేను. స్థలం దగ్గరికీ పంచాయతీ సమితి ఆఫీసుకూ తిరిగి తిరిగి చెప్పులు తెగిపోయాయి. ఆఫీసులో గుమస్తా కూడా అదే మాట చెప్పాడు. మా ఆయన ఆదివారం వచ్చి అంతా విని, తండ్రికీ నాకూ మధ్య తనను లాగొద్దని చెప్పి, అన్నం తిని నంద్యాల బస్సు ఎక్కేశాడు. మగాళ్ళ ధైర్యం ఎంతో ఆ రోజు తెలిసింది.

చివరికి మామనే అడిగాను. ఆయన కోప్పడలేదు.

"మూఢంలో వాకిలి ఎత్తితే ఇల్లు అచ్చిరాదు మ్మా. దుడ్లు ఈ యేడు గాకుంటే వచ్చే యేడు వస్తాయి. సర్కారు యాడికి పోతాది?"

మర్నాడు పొద్దున్నే వెనక వరుసలోని మేస్త్రీని పిలుచుకొచ్చాను. ద్వారబంధానికి నేను పసుపు పూసి కుంకుమ పెట్టాను. మేస్త్రీ కళ్ళు మూసుకుని వాళ్ళ ప్రార్థన చేశాడు. ఏ దేవుడు కాపాడినా నాకు అభ్యంతరం లేదు. మామ వీధిలో నిలబడి అంతా చూశాడు. తువ్వాలు భుజాన వేసుకుని, బండి ఆత్మకూరులో ఉన్న కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడు.

నెలాఖరులోపు గోడలు లేచాయి, కొలతలు అయ్యాయి, బిల్లు వచ్చింది. మొదటి వానకు మేము మా కప్పు కింద ఉన్నాం. ఆ రాత్రి నాకు సంతోషంతో నిద్రపట్టలేదు.

ఎదురింటివాళ్ళు మూఢం పోయాక మామ ముందే చెప్పిపెట్టిన ఘడియకే టెంకాయలు కొట్టి ద్వారబంధాలు నిలబెట్టుకున్నారు. బిల్లు మాత్రం రాలేదు. సమితికి వెళ్తే సొమ్ము వెనక్కి పోయిందన్నారు. మరుసటి ఏడు వెళ్తే ఈసారి కేటాయింపు వేరే ఊళ్ళకన్నారు. తిరిగి తిరిగి విసిగి వాళ్ళు ఆ ద్వారబంధాలు పీకి అమ్ముకున్నారు. మోకాళ్ళెత్తు గోడల మధ్య కంపచెట్లు మొలిచాయి.

వానాకాలం పోయాక మామ తిరిగొచ్చాడు. నాతో మామూలుగానే మాట్లాడేవాడు. ముందు వాకిలి మాత్రం తొక్కేవాడు కాదు. చుట్టూ తిరిగి క్రైస్తవుల వరుసలోంచి వచ్చి, పెరటి తలుపులోంచి లోపలికి దూరేవాడు. మూఢంలో పెట్టిన వాకిలని నన్ను దెప్పుతున్నాడనుకున్నాను. ఏళ్ళు గడిచినా మానలేదు. ఒకరోజు అన్నం వడ్డిస్తూ ఉండబట్టలేక అడిగేశాను. నా వాకిలి ఆయన్ని ఏం చేసిందని గట్టిగానే అడిగాను.

ఆయన ముద్ద కలుపుతూ కలుపుతూ ఆగిపోయాడు.

"నీ వాకిలికేం మ్మా, బాగుండాది. ముందర నుంచి వస్తే ఆ మూడిండ్ల గోడలు అగపడతాయి. ఆళ్ళల్లో ఒకరన్నా నన్ను తిట్టింటే బాగుండు. ఇప్పటికీ మంచి దినం అడిగేదానికి నా కాడికే వస్తాండారు."